చెప్పులు కదలని రీలు

ముందుగా ప్రమాణం. పాతికేళ్లు తిన్న ప్రొడక్షన్ భోజనం మీద, కథలు వింటూ కునికిపాట్లు పడ్డ ఏసీ గదుల మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇందులో ప్రతి అక్షరం నిజం. సినిమా కథల మధ్య బతికినవాడి ఒట్టుకి ఎంత విలువ ఇవ్వాలో మీ ఇష్టం.

1992 వేసవిలో జూబ్లీ హిల్స్‌లోని ఒక నిర్మాణ సంస్థ కథా విభాగంలో చేరాను. హోదా రచయితకి కింద, అసోసియేట్‌కి పైన. అంటే కూర్చోవడానికి కుర్చీ ఉంటుంది, తెర మీద పేరుండదు. నా పని సినిమా ఏ జాతిదో తేల్చడం. ఫ్యామిలీ సెంటిమెంటా, యాక్షనా, కామెడీనా, సస్పెన్సా? ఏ ప్రాంతం హక్కులు కొనే బయ్యరుకి ముందు చూపించాలి, పోస్టరు మీద ఎవరి ముఖం పెద్దదిగా వెయ్యాలి, ఆడవాళ్ల మ్యాట్నీని నమ్ముకోవాలా, కుర్రాళ్ల మొదటి ఆటనా అన్నవన్నీ ఆ ఒక్క మాట మీదే నడిచేవి. ‘ఆర్ట్ సినిమా’ అని మాత్రం ఆఫీసులో ఎవరూ పైకి అనేవారు కాదు, చుట్టాలింట్లో పెద్ద జబ్బు పేరు ఎత్తనట్టు.

ఆ ఏడాదే మా నిర్మాత రామభద్రరాజు గారు తెలియకుండా ఒక ఆర్ట్ సినిమా తీసేశారు. తెలియకుండా ఎలా తీస్తారని అడక్కండి, మా దగ్గర కథ కాగితం మీద ఉండదు, నోటితో చెబుతారు. శేఖరం అనే కొత్త దర్శకుడు వచ్చి, మొగుడు వదిలేసిపోతే మెస్సు పెట్టుకుని బతికే ఆడమనిషి కథ చెప్పాడు. ‘‘చివర్లో వాన పడుతుంటుంది సార్. గుమ్మం బయట ఆ మొగుడు నిలబడి ఉంటాడు...’’ అనేసరికి రాజు గారు కళ్లు తుడుచుకుంటూ లేచి శేఖరాన్ని కావలించుకున్నారు. మిగతాది ఆయన అడగలేదు, ఇతను చెప్పలేదు.

ఆ మిగతాది ప్రింటులో బయటపడింది. ఆఖరి రీలులో ఆవిడ అందరికీ వడ్డించాక తను అన్నం పెట్టుకుని నిదానంగా తింటుంది. కంచం కడిగి, దీపం ఆర్పుతుంది. మొగుడు బయటే ఉంటాడు. ఒక్క మాట లేదు.

‘‘ఇదేంటయ్యా శేఖరం, కాళ్ల మీద పడడా?’’ అన్నారు రాజు గారు.

‘‘పడడండీ.’’

‘‘పోనీ, ఆవిడైనా తిట్టదా?’’

‘‘తినడమే తిట్టడమండీ.’’

రాజు గారు ఫోనెత్తారు. సోమవారానికి స్టూడియోలో సెట్టు, నటుల డేట్లు ఖాయం చేయించారు, మొగుణ్ణి కాళ్ల మీద పడేయడానికి. అలా చేస్తే తెర మీంచి తన పేరు తీసేయమన్నాడు శేఖరం. పదేళ్లు అసిస్టెంటుగా చేసిన మనిషి. మొదటి సినిమాకే పేరు తీయించుకున్నవాడికి రెండోది ఎవరూ ఇవ్వరు. చివరికి శుక్రవారం బయ్యర్ల ప్రివ్యూ వేసి, నేను చెప్పిన జాతిని బట్టి నిర్ణయిద్దామని రాజు గారు తేల్చారు.

ప్రివ్యూలో ఎవరూ నిజం చెప్పరు. బయటికొస్తూ ‘బాగుందండీ’ అంటారు, మళ్లీ ఫోనెత్తరు. అందుకని నేను మాటలు వినేవాణ్ణి కాదు, కాళ్లు చూసేవాణ్ణి. చల్లటి గదిలో మెత్తటి కుర్చీ దొరికితే బయ్యరు ముందు చెప్పులు విప్పుతాడు. సినిమా మీద ఆశ వదులుకున్న క్షణాన ఆ కాళ్లు చీకట్లో చెప్పుల కోసం తడుముకుంటాయి. సెంటిమెంటు పండితే మడమలు కుర్చీ కిందకి పోతాయి. కామెడీకి ఒక పాదం ఇంకో పాదాన్ని రుద్దుతుంది. సస్పెన్సుకి బొటనవేళ్లు ముడుచుకుని అలాగే ఆగిపోతాయి. రాజు గారికి జాతకాల కంటే ఈ శాస్త్రం మీదే గురి.

ఆ మధ్యాహ్నం ఫిల్మ్ నగర్ ప్రివ్యూ థియేటర్‌లో బయ్యర్లు కూర్చున్న ఆఖరి వరసలోనే, నేల వెంబడి చిన్న దీపాలున్న పక్కన కూర్చున్నాను. శేఖరం కూర్చోలేక తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాడు. ఆఖరి రీలుకి ఇంకా సంగీతం వేయలేదు. ఏసీ రొద, వెనక ప్రొజెక్టరు గరగర, అంతే. తెర మీద ఆవిడ మొదటి ముద్ద కలుపుతోంది. గుంటూరు బయ్యరు వెంకటరత్నం గారి కుడికాలు చెప్పు వెతకడం మొదలెట్టింది. దొరికింది. దూర్చబోతోంది. శేఖరం నా ముఖం చూస్తున్నాడు. నేను తల ఎత్తలేదు.

తెర మీద మొగుడు గుమ్మం వైపు ఒక అడుగు వేశాడు. వెంకటరత్నం గారి పాదం సగం చెప్పులోనే ఆగింది. నైజాం బయ్యరు యాదగిరి గారి బొటనవేళ్లు ముడుచుకున్నాయి. ఆ వరసంతా అంతే. దీపం ఆరేదాకా ఒక్క వేలు కదల్లేదు.

లైట్లు వేశాక ఎవరూ ‘బాగుంది’ అనలేదు.

‘‘వాడు తలుపు కొడ్తడా కొట్టడా అని పానం గుంజింది రాజు గారూ. తీరా చూస్తే కొట్టకపాయె! గిట్లెట్ల ఆపిండ్రు?’’ అన్నారు యాదగిరి గారు.

‘‘నేనైతే ఆవిడ ఆ అన్నంలో ఏదో కలిపిందనుకున్నానండీ,’’ అన్నారు వెంకటరత్నం గారు.

రాజు గారు నా వైపు తిరిగారు. ‘‘ఏం జాతయ్యా?’’

ఆర్ట్ అంటే సోమవారం షూటింగ్ ఖాయం. ఫ్యామిలీ అన్నా ఖాయమే, ఫ్యామిలీలో కాళ్ల మీద పడి తీరాలి. శేఖరం తలుపు వదిలి రెండడుగులు ముందుకొచ్చాడు.

‘‘సస్పెన్స్ అండీ,’’ అన్నాను. కమర్షియల్ సినిమాలో గుమ్మం బయట మనిషి నిలబడితే లోపలికి రావాలి, వచ్చి చంపాలి లేదా ఏడవాలి. ఆ అలవాటు ఇన్నేళ్లుగా వీళ్ల ఒంట్లో ఉంది. శేఖరం దాన్ని రేపి, తీర్చకుండా వదిలేశాడు. అందుకే బిగుసుకుపోయారు. కాళ్ల మీద పడేస్తే ఆ బిగువు పోతుంది. ఇదంతా వివరించి, రీలు ముట్టుకోవద్దన్నాను. రాజు గారు కాసేపు సగం చెప్పులో ఉన్న ఆ పాదాన్నే చూసి, ప్రొడక్షన్ మేనేజర్‌ని పిలిచి సోమవారం షూటింగ్ రద్దు చేయమన్నారు.

బయట బండరాళ్ల దగ్గర శేఖరం నన్ను ఆపాడు. ‘‘సస్పెన్సా గురువుగారూ? ఒక ఆడమనిషి తన అన్నం తను తినడమండీ అది!’’

‘‘అది నీకు తెలుసు. రీలు మిగిలింది కదా.’’

అతను నవ్వేసి, నా చెయ్యి పట్టుకున్నాడు.

తలుపు మీద మగవాడి నీడతో పోస్టరు వేశారు. హత్య జరుగుతుందని వచ్చినవాళ్లు కొందరు కుర్చీలు తన్నారు. కొందరు మర్నాడు తమ ఇంటి ఆడవాళ్లను తీసుకొచ్చారు. రీలు మాత్రం ఎక్కడా కత్తిరించలేదు.

సినిమా జాతి రీలు డబ్బాలో ఉండదని, చూసేవాడు దేనికోసం భయపడుతున్నాడో అందులో ఉంటుందని ఆ ఉద్యోగంలో నేర్చుకున్నాను. పెట్టిన పేరు సినిమాని కాపాడొచ్చు. తీసినవాడికి అది తన సినిమా పేరులా వినిపించకపోవచ్చు.

ఇక ఒట్టు సంగతి. చెప్పుల శాస్త్రం నా కల్పన అని మీరు ఈపాటికి అనుకునే ఉంటారు. కాదు, అది నిజం. కల్పించింది శేఖరం నవ్వడం, చెయ్యి పట్టుకోవడం. ‘రీలు మిగిలింది కదా’ అన్న నా మాట విని అతను వెనక్కి తిరిగాడు. రాజు గారి కారు తలుపు తీసి డ్రైవరు పిలుస్తున్నా వినిపించుకోకుండా, ఎండలో షేక్‌పేట వైపు దిగి వెళ్లిపోయాడు. రెండో సినిమా కథ ఊళ్లో అందరికీ చెప్పాడు. నాకు చెప్పలేదు.