వండూర్ వంటింట్లో కాస్మిక్ కిరణాలు

ఆకాశం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాల జాడను క్రిస్మస్ సెలవుల్లోపు చూపిస్తానని తొమ్మిదో తరగతిలో మా సైన్సు మాస్టారు మాట ఇచ్చారు. చూపించలేదు. తర్వాత దొరికిన పుస్తకమల్లా చదివాను గానీ జాడ మాత్రం చూడలేదు. పోయిన వారం పోర్ట్ బ్లెయిర్‌లోని మా డాలీగంజ్ చర్చి వాట్సాప్ గ్రూపులో, కాస్మిక్ కిరణాలు భూమి పక్కనుంచి పోతున్నాయి, ఫోన్లు ఆపేసుకోండని ఒక రిటైర్డ్ ఇంజనీరు రాశాడు. పక్కనుంచి కాదు, మీ అరచేతిలోంచే సెకనుకు ఒకటో రెండో దూసుకుపోతున్నాయని నేను రాస్తే, అందరూ ఆయనకే దండాలు పెట్టారు. ఇక సముద్రపు ఒడ్డునున్న వండూర్‌లో సైన్సు టీచరుగా ఉన్న మా మేనకోడలు రూతుకు ఫోన్ చేశాను. పొడి ఐస్, అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడు, తెస్తే ఇంట్లోనే చూపిస్తానంది.

విమానంలో మందులతో వచ్చిన పెట్టెలో మిగిలిన పొడి ఐస్‌ను పోర్ట్ బ్లెయిర్‌లో తెలిసినవాళ్లు శనివారం పొద్దున తొమ్మిదింటికి ఇచ్చారు. అది చూస్తూండగానే గాలైపోతుంది. అందుకే ముప్పై రూపాయల బస్సు వదిలి, ఏడు వందలకు ఆటో మాట్లాడుకున్నాను. చేపల పెట్టెకు కట్టినట్టు మూతకు తాడు బిగించబోయాడు డ్రైవరు. బిగిస్తే పేలుతుందన్నాను. దారి పొడవునా ఒక్క గుంతలోనూ బండి దించలేదు.

రూతు చేపల గాజు తొట్టిని నల్ల పళ్లెం మీద బోర్లించడానికి సిద్ధంగా ఉంచింది. కింద పొడి ఐస్, పైన స్పిరిట్‌లో తడిపిన గుడ్డ. ఆ చలికి లోపల స్పిరిట్ ఆవిరి పలచటి పొగమంచు పొర కడుతుంది. కిరణం దూసుకుపోయిన దారిలో తెల్లటి గీత పడుతుంది. స్పిరిట్ సీసా మూత తీయగానే రూతు అత్తగారు మరియమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది.

"ఏటన్నయ్యగారూ, ఇది శరాబ్ కాదా? ప్రేయర్ జరిగే ఇల్లండీ ఇది."

తొమ్మిదో తరగతిలోనూ ఇదే జరిగింది. మాస్టారు కలకత్తా ఓడలో తెప్పించుకున్న స్పిరిట్‌ను సారాయి అనుకుని మా హాస్టల్ వార్డెన్ పెరట్లో ఒంపించాడు. మాస్టారు ఎంత చెప్పినా వినలేదు. ఆ నెలలోనే మాస్టారికి బదిలీ అయింది. ఇప్పుడేమో ఇక్కడ పెట్టెలో ఐస్ సగమైపోయింది.

"హాస్పిటల్‌లో సూది ముందు రాస్తారు కదత్తయ్యా, బిల్‌కుల్ అదే," అంది రూతు.

మరియమ్మ వాసన చూసింది, ఆలోచించింది. తన గిన్నెలు ముట్టొద్దని చెప్పి, చీకటి కోసం తనే కిటికీలు మూసింది.

పావుగంట ఏమీ లేదు. తర్వాత టార్చి వెలుగులో సన్నటి తిన్నని గీత ఒకటి వెలిగి మాయమైంది. మళ్లీ ఇంకొకటి. ఎక్కడిదని మరియమ్మ అడిగింది. ఎక్కడో నక్షత్రం పేలితే బయల్దేరిన కణం పైన గాలిని గుద్దుకుంటుందనీ, అక్కడ పుట్టిన పిల్ల కణమే ఇదనీ చెప్పాను.

"మా తాత కాకినాడలో ఓడెక్కితే నేను ఇక్కడ పుట్టినట్టు," అంది.

ఇంత తేలిగ్గా ఏ పుస్తకమూ నాకు చెప్పలేదు. భూమధ్యరేఖకు దగ్గరున్న మన దీవుల మీద బలహీనమైన కణాలను భూమి అయస్కాంతశక్తి పక్కకు తిప్పేస్తుంది, గట్టివే లోపలికొస్తాయి. ఎప్పుడో అరుదుగా వచ్చే ఒక్క కణంలో బౌలర్ విసిరిన క్రికెట్ బంతికున్నంత శక్తి ఉంటుంది. చేపల పులుసుతో భోంచేసి, సముద్రపు గట్టున కూర్చుని, చాలా ఏళ్ల తర్వాత ఎవరినీ తిట్టుకోకుండా గంట గడిపాను. మీరు వెళ్లేటట్టయితే సోమవారం వద్దు, జెట్టీ నుంచి మెరైన్ పార్కు పడవలు ఆ రోజు ఉండవు. ఇక మాస్టారి మాటంటారా, అది తప్పడానికి కారణం ఆయన కాదు. మరియమ్మ వాసన చూసినంత సేపైనా ఆగని ఆ వార్డెన్, దేవసహాయం.