కిటికీ అవతల ప్రేక్షకురాలు

దెయ్యాల కథలు చెప్పేవాళ్లను చూస్తే నాకు నవ్వొచ్చేది. ఇప్పుడు నవ్వు రాదు, సిగ్గేస్తుంది. ఎందుకో చెబుతాను.

ఎనభైల్లో ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో మా వరుస మొత్తానికి టీవీ మా ఇంట్లోనే ఉండేది. ఆదివారం పొద్దున్న పురాణం సీరియల్ వేళకి మా ముందు గదిలో ఇసుక వేస్తే రాలనంత జనం. నాన్న హెడ్ క్లర్కు. వచ్చినవాళ్లను గ్రేడు చూసి కూర్చోబెట్టేవారు. ఆఫీసు వాళ్లకు కుర్చీలు, వాళ్ల ఆడవాళ్లకు చాపలు, వర్క్‌షాపు వాళ్లకు కిటికీ బయట చోటు.

పైడమ్మ మొగుడు వర్క్‌షాపులో ఖలాసీ. ఆమె పొట్టి మనిషి, అప్పటికే తల నెరిసింది. ఇటుక వేసుకుని దాని మీద నిలబడి, రెండు చేతులతో చువ్వలు పట్టుకుని చూసేది. ఓసారి వానలో తడుస్తుంటే అమ్మ లోపలికి పిలవబోయింది. నా కాలేజీ స్నేహితురాళ్లు ఉన్నారని నేనే వద్దని సైగ చేశాను. పైడమ్మ అది చూసింది.

"పర్నేదు పాపా, నాకిక్కడ్నుంచే బాగా అగుపడతాది," అంది.

తర్వాత ఇంటింటికీ టీవీలొచ్చాయి. మా ఇంటికి జనం రావడం మానేశారు. పైడమ్మ జ్వరంతో పోయిందని విన్నాం. నాన్న కూడా పోయాక అమ్మా నేనూ అదే ఊళ్లో మలంచా అనే పేటలో మేడ మీద వాటాలోకి మారాం.

తొంభైల్లో ఒక మధ్యాహ్నం, ఏ ఇంట్లో ఎవరెవరు టీవీ చూస్తారో రాసుకునే బెంగాలీ అమ్మాయి వచ్చింది. మా ఇద్దరి వయసులూ చదువులూ అడిగింది. తర్వాత నా వెనక కిటికీ వైపు చూసి, "దీదీ, చువ్వలు పట్టుకుని చూస్తోందే, ఆ ముసలామెను కూడా రాయనా?" అంది.

నా కళ్లు సీరియల్ మీదే ఉన్నాయి.

"ఆమె బయటి మనిషి. లెక్కలోకి రాదు," అన్నాను.

"ఠీక్ హై," అని ఆ పిల్ల వెళ్లిపోయింది.

అమ్మ మొహం పాలిపోయింది. "ఏటే, ఎవర్ని లెక్కలోకి రాదన్నావు?" అంది.

అప్పుడు తిరిగి చూశాను. ఎవరూ లేరు. ఆ కిటికీకి అవతల బాల్కనీ లేదు, కనీసం సజ్జా లేదు. కింద రోడ్డు మీద ఆటోలు పోతున్నాయి. పైడమ్మ ఈ ఇల్లు ఎరగదు. ఆ పిల్ల పైడమ్మను ఎరగదు.

అమ్మ లేచి కిటికీ పక్కన కుర్చీ వేసింది. "లోనికి రా, పైడమ్మా," అంది. కుర్చీ ఖాళీగానే ఉండిపోయింది.

ఆ పిల్లకు ఏం కనపడిందో నేటికీ చెప్పలేను. ఎవరని కూడా అడక్కుండా 'బయటి మనిషి' అన్న మాట నా నోటికి ఎలా వచ్చిందో మాత్రం నాకు తెలుసు.