ఇద్దరు చదివిన కాగితం

పోయిన వారం పొద్దున్నే కాఫీ గ్లాసు ఇంకా చేతిలో ఉండగానే మా అప్ప ఫోను చేసింది. మా వైపు అక్కను అప్ప అంటాం. ఆవిడ ఫోనులో క్షేమసమాచారాలు అడిగే రకం కాదు, ఎత్తగానే విషయంలోకి వస్తుంది. "ఒరే తమ్ముడూ, మనూరి బడి ఎత్తేత్తన్నారటరా. సోమారం మీటింగట. నువ్వు గవర్నమెంటు డబ్బుల గురించే గదా రాత్తావు, వొచ్చి రెండు మాటలు సెప్పు" అని పెట్టేసింది. పిల్లలు లేని బడులు ఎత్తేసి ఆ డబ్బు తల్లుల చేతిలో పెట్టండి, నచ్చిన బడి వాళ్లే ఎంచుకుంటారు అని ఏళ్ల తరబడి రాస్తూ వచ్చినవాణ్ణి నేను. ఎత్తేస్తామంటున్న బడిలో మిగిలిన నలుగురైదుగురు పిల్లల్లో మా అప్ప మనవరాలు ఒకతె.

నిన్న బయలుదేరి, ఈ పొద్దున్న పలాసలో దిగి ప్యాసింజరు ఎక్కాను. మా ఊరి పేరు చెప్పను, చెబితే మా మేష్టారి మనవలెవరైనా చదివి నొచ్చుకుంటారు. పలాస దాటి, సుమ్మాదేవి స్టేషను కూడా దాటాక, సముద్రం వైపు కొబ్బరితోటల్లో ఎక్కడో ఉందనుకోండి చాలు. నా చిన్నతనంలో మా సర్కారు బడికి గంట ఉండేది కాదు, ఆ ప్యాసింజరే మాకు గంట. మేష్టారి కాపురం పలాస పక్కనున్న కాశీబుగ్గలో. ఆయన బండి దిగితే బడి, దిగకపోతే సెలవు. సుమ్మాదేవిలో గూడ్సుకి దారి ఇవ్వడానికి బండి ఆగిపోతే మా తెలుగు వాచకం కూడా అక్కడే ఆగిపోయేది. మీలో చాలామంది సెలవంటే ఎగిరి గంతేసినవాళ్లే అయి ఉంటారు గానీ, నాకు మాత్రం బండి కదిలిపోయాక ఫ్లాట్‌ఫారం మీద ఆయన తెల్ల పంచె కనబడకపోతే దిగులు మొదలయ్యేది. ఐదో తరగతి గట్టెక్కకపోతే జీడితోట కాపలాకు పంపేస్తానని మా నాన్న ముందే చెప్పి ఉంచాడు మరి. మేష్టారు చెడ్డమనిషి కాదు, పిల్లల మీద చెయ్యి కూడా చేసుకునేవాడు కాదు. ఆయన వచ్చినా రాకపోయినా జీతం మాత్రం నెల తిరిగేసరికి వచ్చేది, అంతే.

మా చదువు నిజానికి మా పెద్దమ్మ అరుగు మీద సాగింది. టెక్కలిలో చుట్టాలింట ఉండి ఎనిమిదో తరగతి దాకా చదువుకున్న మనిషి ఆవిడ, ఆ రోజుల్లో మా ఊరి ఆడవాళ్లలో అంత చదువు ఇంకెవరికీ లేదు. సాయంత్రం పూట పిల్లల్ని కూర్చోబెట్టి చదువు చెప్పేది. రైతుల ఇళ్ల నుంచి కొబ్బరికాయలు, పనస తొనలు వచ్చేవి, ఒడ్డునున్న జాలరిపేట నుంచి చేపలు వచ్చేవి. పిల్లవాడికి చదువు రావడం లేదనిపిస్తే ఆ ఇంటి నుంచి రావలసింది ఆగిపోయేది. ఎవరూ దెబ్బలాడేవారు కాదు, ఊరికే మానేసేవారు.

అయితే చదువు వచ్చిందో రాలేదో వాళ్లకెలా తెలిసేదని మీకు అనుమానం రావచ్చు, ఎందుకంటే మా అమ్మతో సహా ఆ తల్లుల్లో ఎవరికీ అక్షరం ముక్క రాదు. వాళ్ల పద్ధతి వాళ్లకుండేది. బెల్లమో పకోడీలో కట్టి ఇచ్చిన పత్రిక కాగితాన్ని జాగ్రత్తగా విప్పి, ముందు నన్ను పెరట్లోకి పిలిచి చదవమనేవారు. తరవాత నన్ను వీధిలోకి పంపేసి, జాలరిపేట నుంచి వచ్చే నా ఈడువాణ్ణి పిలిచి అదే కాగితం చదివించేవారు. ఇద్దరి నోటా ఒకటే మాట వస్తే చదువు వచ్చినట్టు, తేడా వస్తే ఎవడో ఒకడు గాలి పోగేస్తున్నట్టు. ఆ పరీక్ష జరిగే రోజు మధ్యాహ్నం నుంచే నేను వాచకం చేతిలోంచి దించేవాణ్ణి కాదు.

మొదటి పరీక్షలోనే పెద్ద గలభా అయిపోయింది. పెద్దమ్మ దగ్గర వాచకం తప్ప ఇంకేమీ చదవని నేను, పత్రిక కాగితాన్ని ఈ చివరి నుంచి ఆ చివరిదాకా అడ్డంగా చదువుకుంటూ పోయాను. అచ్చు నిలువు వరసలుగా ఉంటుందని, వాటి మధ్య గీత ఉందన్న సంగతే నాకు తట్టలేదు. జీడిపిక్కల ధర దగ్గర మొదలెట్టి ఎవరిదో పెళ్లి దగ్గర తేలాను. జాలరిపేటవాడు తెలివైనవాడు, వరస పట్టుకుని కిందికి చదివాడు. ఇద్దరం అక్షరం తప్పు పోలేదు గానీ ఒకడు చెప్పింది ఇంకొకడు చెప్పలేదు. "ఇద్దరికీ రానేదు, ఈవిడేటి సెప్తంది వీళ్లకి?" అని మా అమ్మ, వాడి అమ్మ కలిసి తీర్మానించేశారు. ఆ వారం పెద్దమ్మ ఇంటికి కాయా రాలేదు, చేపా రాలేదు. పై వారం పెద్దమ్మ ఎక్కడినుంచో పాత పత్రిక ఒకటి సంపాదించి, నిలువుగా మడతపెట్టి, వరస అంటే ఏమిటో మా అందరికీ నేర్పింది.

నా జీవితమంతా ఆ మడత కాగితం మీదే నడిచిందని చెప్పాలి. హైదరాబాదులో ఒక చిన్న పరిశోధన సంస్థలో ఉద్యోగం నాది, ప్రభుత్వం దేనికి ఎంత ఖర్చు పెడుతోంది, అందులో ఎంత ఫలిస్తోంది అని చూడటమే పని. బడ్జెట్టులో చదువుకు ఎంత పెట్టారని కాదు, ఆ డబ్బు ఎవరికి జవాబు చెప్పుకుంటోందని అడగండి అని రాసేవాణ్ణి. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారే, నిధులు మంజూరు కావడానికీ పిల్లవాడు చదవగలగడానికీ మధ్య ఎంతమంది పూజారులున్నారో నేను చూసినవాణ్ణి. సభల్లో పెద్దపెద్దవాళ్లు లేచి, చదువురాని తల్లిదండ్రులకు మంచి బడేదో చెడ్డ బడేదో ఏం తెలుస్తుందండీ అనేవారు. అప్పుడు నాకు ఒళ్లు మండిపోయేది. మా అమ్మ గురించి వీళ్లకేం తెలుసు అనుకునేవాణ్ణి, లేచి అనేవాణ్ణి కూడా. మా బావ, అంటే అప్ప భర్త, నాకు సంత పంతులని పేరు పెట్టాడు. ఎప్పుడు కనబడినా సంతలో చదువు కిలో ఎంతకమ్ముతున్నావని ఆటపట్టించేవాడు.

నేను రాసినట్టు అంతా జరగలేదు గానీ, కొంత జరిగింది. తల్లుల ఖాతాల్లో పిల్లల చదువుకని డబ్బు పడటం మొదలైంది. మా ఉద్దానం ప్రాంతంలో ప్రైవేటు బళ్ల పసుపుపచ్చ వ్యాన్లు కొబ్బరితోటల మధ్యకొచ్చి హారను కొట్టడం మొదలైంది. ఊళ్లో పిల్లలు ఒక్కొక్కరే వ్యాను ఎక్కేశారు. ఇదే కదా నేను కోరుకున్నది అని సంతోషించాను, అబద్ధమెందుకు చెప్పాలి. మా అప్ప కోడలు కూడా కూతుర్ని వ్యాను ఎక్కిద్దామనే అనుకుంది. పలాస జీడి ఫ్యాక్టరీలో పప్పు తీసే పనికి వెళ్లే పిల్ల ఆవిడ, నోరు మంచిది, చేతికి పొదుపు తెలిసినది.

ఈ పొద్దున్న ఇంటికి వచ్చేసరికి బావ నులకమంచం మీద ఉన్నాడు. మా వైపు ఏ ఇంట్లో చూసినా ఉన్న జబ్బే, కిడ్నీలు. మనిషి సగమైపోయాడు. వారం వారం సోంపేట తీసుకెళ్లి రక్తం శుద్ధి చేయిస్తున్నారు. ఆ యంత్రం ప్రభుత్వానిదే, దానికి పైసా తీసుకోరు. ఆ మాట నేను నా వ్యాసాల్లో ఎక్కడా రాయలేదు గానీ ఇక్కడ రాయాలి, ఆ ఖర్చు లేకపోతే ఈపాటికి మా అప్ప నుదుట బొట్టు ఉండేది కాదు. కానీ ఆటో కిరాయి, మందులు, తోడు వెళ్లిన మనిషికి పోయే కూలి, ఇవన్నీ ఇంటివే. కోడలి ఖాతాలో చదువుకని పడిన డబ్బు అటే పోయింది. బావ చెయ్యెత్తి, సూదులు గుచ్చి గుచ్చి ఉబ్బిన నరం చూపించి నవ్వాడు. "గుంట సదువంతా నా ఒంట్లోకెక్కించీసినారు బావా" అన్నాడు. మా వైపు పిల్లను గుంట అంటారు. ఎప్పటిలా సంత పంతులూ అంటాడేమోనని చూశాను, అనలేదు.

ఆ కోడలు చేసింది తప్పని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. డబ్బు ఎవరి కోసమో వాళ్ల చేతిలోనే ఉండాలని చెప్పినవాణ్ణి, మామగారిని బతికించుకుందాం అని ఆవిడ ఎంచుకుంటే కాదనడానికి నేనెవణ్ణి? కానీ వ్యాను ఎక్కని పిల్లకు మిగిలింది ఆ సర్కారు బడి ఒక్కటే. రేపు అదీ పోతే హైవే అవతలి ఊరి బడికి నడిచి వెళ్లాలి, కోడలు పనికి పోయి, అప్ప బావ మంచం దగ్గర ఉంటే ఇసుక లారీలు తిరిగే ఆ రోడ్డు దాటించేవాళ్లు ఎవరూ ఉండరు.

సాయంత్రం అరుగు మీద కూర్చుంటే అప్ప లోపల్నుంచి నలిగిన కాగితం ముక్క ఒకటి తెచ్చింది. నూనె మరకలున్న పత్రిక కాగితం. మా అమ్మలాగే అప్పకూ అక్షరం రాదు, నేను రాకముందే మనవరాలి చేత చదివించి విని ఉంచిందట. పిల్లను పెరట్లోకి పంపేసి కాగితం నా చేతిలో పెట్టింది. "దాని క్లాసులో అదొక్కత్తే మిగిల్నాదిరా. రెండో గుంట నేదు, ఎవుల్తో సూసుకోను? నువ్వు సదువు" అంది.

కళ్లజోడు పెట్టుకున్నాను. నిజం చెబుతున్నాను, సభల్లో పెద్దల ముందు భయపడనివాణ్ణి అక్కడ భయపడ్డాను. నేనేదైనా పొరపాటు చదివితే ఆ పిల్ల చదువు తప్పయిపోతుందేమోనని, ఆ పిల్లే పొరపాటు చదివి ఉంటే ఆ మాట అప్పతో ఎలా చెప్పాలోనని రెండు రకాల భయం. వరస పట్టుకుని కిందికి చదివాను. వాన వల్ల పనస కాపు దెబ్బతిన్న సంగతేదో ఉంది అందులో. అప్ప కళ్లు మూసుకుని పెదాలు కదుపుతూ విన్నది. చివరి వాక్యం దాకా విని, "సరిపోయిందిరా. అచ్చరం పోనేదు" అంది. పలాస నుంచి స్కూటీ మీద వచ్చే టీచరమ్మ బాగా నేర్పుతోందన్నమాట. ఆ అమ్మాయికి జీతమిచ్చేది సర్కారే, వర్షమొచ్చినా రోజూ వస్తుందని కూడా అప్పే చెప్పింది. ఆ తరవాత, "మరి రేపేటి సెప్తావు?" అని అడిగింది. చూద్దాంలే అప్పా అన్నాను.

ఏం చెప్పాలో తెలియకే ఇలా రాస్తూ కూర్చున్నాను. చదువురాని తల్లి మంచి చెడ్డ కనిపెట్టగలదని నేను జీవితమంతా వాదించింది నిజమే, ఇప్పటికీ అదే అంటాను. కానీ మా అమ్మ ఆ పని చేయగలిగింది ఒక కాగితానికి ఇద్దరు పిల్లలుండబట్టి. మా రోజుల్లో మేష్టారు రాకపోయినా ఊరి నిండా చదివే పిల్లలుండేవారు, ఒకడికొకడు సాక్షి. ఇప్పుడు టీచరమ్మ రోజూ వస్తోంది గానీ పక్కన కూర్చునే పిల్ల లేదు. నలుగురైదుగురు కోసం బడి నడపడం దండగని సర్కారు లెక్క, ఫీజు కట్టలేని పిల్లను వ్యాను ఎక్కించుకోవడం గిట్టదని సంత లెక్క, రెండు లెక్కల్లోనూ తప్పు పట్టడం నాకు చేతకావడం లేదు. లోపల అప్ప ఆ కాగితాన్ని మడతపెట్టి డబ్బాలో దాస్తోంది, ఇంకా అలాంటివి చాలా ఉన్నాయట, నేను వస్తే చదివించాలని దాచినవి. రేపు సాయంత్రం బండికి నా తిరుగు ప్రయాణం. ఎల్లుండి ఆ పిల్ల చదివింది సరో కాదో మా అప్ప ఎవరితో సరిచూసుకుంటుంది?