కాగితం మీద ఎండిన చెరువు

నా చిన్నప్పుడు బాన్సువాడ శివార్లలోని మా చెరువుకు మా తాతయ్యే నీరటి. తూము ఎత్తడం, దించడం, తగాదాలు రాకుండా పైపొలాలకూ కిందిపొలాలకూ నీళ్ళు పారించడం ఆయన పని. అక్షరం ముక్క రాదు. తూము పక్కన అడుగుకో గీత చెక్కిన రాయి ఒకటి ఉండేది. రోజూ పొద్దున్నే వెళ్ళి ఆ రాయి మీద నీళ్ళు ఎక్కడిదాకా ఉన్నాయో చూసి వచ్చాకే చాయ్ తాగేవాడు.

నేను తొమ్మిదో తరగతి చదువుతున్న ఏడాది యాసంగి పంటకాలంలో నిజాంసాగర్ కాలువ నీళ్ళు ముందే ఆగిపోయాయి. వరి అప్పుడప్పుడే పాలు పోసుకుంటోంది. ఇక చెరువులో ఉన్న ఎనిమిదడుగుల నీళ్ళే దిక్కు. అందులోనూ రాయి మీద రెండో గీత కన్నా కిందికి దిగితే నీళ్ళు తూముకు అందవు.

సరిగ్గా ఆ రోజుల్లోనే బడిలో మాకు గ్రాఫు కాగితం మీది సరళరేఖను చూసి దాని సమీకరణం రాయడం నేర్పుతున్నారు. రేఖ నిలువు అక్షాన్ని ఎక్కడ తాకిందో చూడాలి. కుడివైపు ఒక్కొక్కటి జరిగినప్పుడల్లా ఎంత దిగుతోందో, ఎంత ఎక్కుతోందో చూడాలి. ఆ రెండూ తెలిస్తే రేఖ మొత్తం మన చేతికి చిక్కినట్టే. నాకా విద్య మహా నచ్చింది. తాతయ్య రోజూ చెప్పే నీటిమట్టాన్ని గ్రాఫు మీద చుక్కలుగా పెట్టడం మొదలుపెట్టాను. తూము తెరిచిన ఎత్తు మార్చలేదు కాబట్టి, ఎనిమిది రోజులు గడిచేసరికి చుక్కలన్నీ తాడు పట్టినట్టు ఒకే వరుసలో నిలబడ్డాయి. నా గర్వానికి అంతులేదు.

ఆ ఎనిమిదో రోజు పొద్దున రైతులు తూము దగ్గర గుమిగూడారు. అందరికన్నా చివర పక్క తండా నుంచి వచ్చే ఒకామె పొలం ఉండేది; ఆమెను అందరం తండా అక్క అనేవాళ్ళం. ఆమె తాతయ్యను అడిగింది. "ఇంకెన్ని దినాలు పారుతది కాకా?"

ఆయన నోరు తెరిచేలోగా నేను కాగితం పట్టుకుని ముందుకు దూకాను. రేఖ నాలుగు గళ్ళు కుడికి పోతే నాలుగు గళ్ళు కిందికి దిగింది. అంటే ఒకటికి ఒకటి. మొదలు ఎనిమిది. రోజులు x, అడుగులు y. కాబట్టి y = 8 – x. నీళ్ళు రెండడుగులకు వచ్చేది ఆరో రోజు. "ఆరు దినాలే!" అని అరిచాను.

పంటకు ఇంకా పదిహేను రోజుల నీళ్ళు కావాలి. తండా అక్క కొంగు బిగించుకుని, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది. మిగతావాళ్ళూ ఒక్కొక్కరే కదిలారు. రెండు వారాల పైనే నీళ్ళుంటాయని తాతయ్య మనసులో అనుకున్నాడట. కానీ అచ్చుగళ్ళ కాగితం చూసేసరికి తన కళ్ళ మీద తనకే అనుమానం వచ్చిందని చాలా ఏళ్ళ తర్వాత నాతో చెప్పాడు.

అందరూ వెళ్ళాక ఆయన నన్ను తూము మెట్ల మీద కూర్చోబెట్టుకున్నాడు. "గీ గీత మీద ఇయ్యాల ఏడున్నది బిడ్డా?"

"గిదిగో, ఎనిమిదో దినం."

"అయితే నీ లెక్కల ఎనిమిది పెట్టి చూడు. ఇయ్యాల నీళ్ళెన్ని ఉండాలె?"

పెట్టాను. ఎనిమిదిలోంచి ఎనిమిది పోతే సున్నా. ఆ మాటే గొణిగాను. తాతయ్య వంగి, దోసిట్లోకి నీళ్ళు తీసుకుని నా ముఖాన చల్లాడు. "మరి గివి ఏంది?" అని పగలబడి నవ్వాడు.

తడి ముఖంతోనే కాగితం మళ్ళీ చూశాను. నేను గళ్ళు లెక్కపెట్టానే గాని, గడికి ఎంతో చూడలేదు. అడ్డంగా ఒక గడి అంటే రెండు రోజులు, నిలువుగా ఒక గడి అంటే అర అడుగు. ఆ కొలతలు నేను పెట్టుకున్నవే! ఎనిమిది రోజుల్లో దిగింది రెండడుగులు, అంటే రోజుకు పావు అడుగు. y = 8 – x/4. ఈసారి ముందు ఎనిమిది పెట్టాను, ఆరొచ్చింది. రాయి మీద చూస్తే నీళ్ళు ఆరో గీత మీదే ఉన్నాయి. నీళ్ళు రెండడుగులకు వచ్చేది ఇరవై నాలుగో రోజు. ఎనిమిది గడిచాయి, ఇంకా పదహారు ఉన్నాయి.

"పదహారు, తాతా! అందరికీ చెప్పు!"

"ఆరని నేను చెప్పిన్నా? పదహారని గూడ నువ్వే చెప్పాలె. ముందుగాల తండా అక్క తానికి ఉరుకు."

గట్ల మీద పరుగెత్తాను. నేను వెళ్ళేసరికి ఆమె చేతిలో కొడవలి ఉంది. ఎలాగూ ఎండిపోయేదే కదా, పశువుల మేతకైనా అవుతుందని పచ్చి వరి ఒక మూల కోసేసింది. "కొయ్యకు అక్కా! నాదే తప్పు" అని, రొప్పుతూనే అంతా చెప్పాను. ఆమె తిడుతుందని తల వంచుకుని నిలబడ్డాను. ఆమె గట్టు మీద కూలబడి, ఆ కోసిన మూలకేసి చూసి, పకపకా నవ్వింది. "ఇయ్యాల మా బర్రె నీ పేరు చెప్పుకొని తింటది తీయ్!" తర్వాత కాగితం అడిగి తీసుకుంది. గీత వెంట వేలు జరుపుతూ, "ఇప్పుడు గీడున్నమా? గీడిదాక నీళ్ళొస్తయా?" అని రెండుసార్లు అడిగింది. ఔనన్నాక కొడవలి దోపుకుని లేచింది.

ఆ పూటంతా పొలం పొలం తిరిగి అదే చెప్పాను. ఒకరు నవ్వారు, ఒకరు విసుక్కున్నారు, ఒకాయన బుట్టెడు పెసరకాయలు చేతిలో పెట్టాడు. ఆనాటి నుంచి పదహారో రోజు సాయంత్రానికి తూములో నీళ్ళు సన్నని దారంలా అయ్యాయి. అప్పటికే తండా అక్క పొలంలో గింజ గట్టిపడింది. చాలా రోజులదాకా ఊళ్ళో నన్ను చూసి, "చెరువెండిందా బిడ్డా?" అని పలకరించేవాళ్ళు.

తర్వాత ముప్పై ఏళ్ళు దవాఖానలో మందులిచ్చే ఉద్యోగం చేశాను. ఏ లెక్క వేసినా, నాకు ముందే తెలిసిన ఒక సంగతిని అందులో పెట్టి చూశాకే నమ్మాను. అయినా తప్పులు దొర్లకుండా పోలేదు, ఇప్పటికీ దొర్లుతూనే ఉంటాయి. అలాంటప్పుడు నేను ఎవరితోనూ కబురు పంపను. చెప్పులు తొడుక్కుని నేనే బయలుదేరతాను.