ముప్పై ఒక్కసార్లు మోగిన చర్చి గంట

దెయ్యాలు, శకునాలు అని ఎవరైనా మొదలుపెడితే, ముందు మీ బీపీ చూద్దాం రండి అనే రకం నేను. గుంటూరులో మెడిసిన్ చదివే రోజుల్లో మార్చురీ పక్క గదిలో కూర్చుని టిఫిన్ తిన్నవాణ్ణి. నా అభిప్రాయం ఇప్పటికీ మారలేదు. అందుకే ఈ సంగతి ఇక్కడి మన తెలుగువాళ్లెవరి దగ్గరా ఎత్తలేదు.

డెబ్భైల చివర్లో మిస్సోరీలో ఒక చిన్న పల్లెకి డాక్టరుగా వెళ్లాను. అక్కడికి రావడానికి ఇంకెవరూ ఒప్పుకోలేదు, నేను ఒప్పుకున్నాను. అంతకుమించి గొప్పతనమేమీ లేదు. ఊరంతా జర్మన్లే. వాళ్ల ముత్తాతలు జర్మనీలో ఒకే కుగ్రామం నుంచి కట్టగట్టుకుని వచ్చి, ఆ ఊరి పేరే దీనికీ పెట్టుకున్నారు.

తమ ఇళ్లకి సరైన కప్పులు పడకముందే చర్చి కట్టుకున్నారట. గంటని సొంతూరి నుంచే ఓడలో, తర్వాత నది మీద స్టీమర్‌లో, ఆఖర్న ఎడ్లబండిలో తెచ్చుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో భయపడి జర్మన్‌లో ప్రసంగాలు మానేశారు గానీ, గంట ఆచారం మాత్రం మానలేదు.

ఆచారం ఏమిటంటే, ఊళ్లో ఎవరైనా పోతే వాళ్ల వయసెంతో అన్నిసార్లు గంట కొడతారు. పొలాల్లో వాళ్లు ట్రాక్టర్ ఆపి లెక్కపెట్టుకుంటారు. డెబ్భై ఎనిమిది దగ్గర ఆగితే ఫలానా ముసలాయన అని తెలిసిపోతుంది. గంట కొట్టేది హెర్మన్ అనే పెద్దాయన. వాళ్ల నాన్నదీ తాతదీ కూడా అదే పని. నేను చావు నిర్ధారించి హెర్మన్‌కి ఫోన్ చేస్తేనే గంట మోగేది. ఇదొక అదనపు డ్యూటీ అని సరదాగా అనుకునేవాణ్ణి.

వెళ్లిన రెండో ఏడు ఆగస్టులో ఒకరోజు, పొద్దున పదకొండు దాటింది. క్లినిక్‌లో ఒక రైతు పాదానికి కట్టు కడుతున్నాను. గంట మొదలైంది. నేను ఎవరికీ ఫోన్ చెయ్యలేదే అనుకున్నాను. అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. ముప్పై ఒకటి దగ్గర ఆగింది.

ఆ వయసులో నా దగ్గర జబ్బు మనిషి ఎవరూ లేరు. ఏ ట్రాక్టరో తిరగబడిందేమోనని, "ఎవరికోసం మోగిందంటావ్?" అని నర్స్ డోరతీని అడిగాను. ఆమె నా మొహంలోకి చూసి, "ఏది మోగింది, డాక్టర్?" అంది. రైతు కూడా తల అడ్డంగా ఊపాడు.

అప్పుడు గుర్తొచ్చింది. ముందు వారమే మా అత్తగారి ఉత్తరం వచ్చింది, అమ్మాయికి ముప్పై ఒకటో ఏడు వచ్చింది, గుళ్లో అర్చన చేయించాను అని. అమ్మాయంటే నా భార్య సుశీల. ఆ పొద్దున కడుపులో నొప్పిగా ఉందంటే, ముందురోజు తిన్న గోంగూర పచ్చడి మీదకి నెట్టేసి వచ్చాను. డాక్టర్ల ఇళ్లలో జబ్బులకి అంతకంటే విలువుండదు.

నిజం చెప్పాలంటే నాకు భయమేసింది. కట్టు డోరతీకి వదిలేసి కారు తీశాను.

సుశీల వంటింట్లో కింద పడి ఉంది. మొహం పాలిపోయింది, నాడి అందీ అందనట్టుంది. మా స్టేషన్ వాగన్ కారు వెనక పడుకోబెట్టి ముప్పై మైళ్ల అవతలి ఆస్పత్రికి తీసుకెళ్లాను. దారంతా ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాను, ఏం మాట్లాడానో గుర్తులేదు. వెంటనే ఆపరేషన్ చేశారు. గర్భం ట్యూబులో నిలిచి, ట్యూబు పగిలింది. తను గర్భవతినన్న సంగతి ఆమెకే తెలీదు, నాకూ తెలీదు. బిడ్డ దక్కలేదు. సుశీల దక్కింది.

వారం తర్వాత ఆమె ఇంటికొచ్చాక హెర్మన్ దగ్గరికి వెళ్లి, ఆ రోజు గంట ఎవరు కొట్టారని అడిగాను. ఆయన నన్ను గోపురం మెట్లెక్కించి చూపించాడు. గంట లోపల ఉండాల్సిన ఇనప నాలుక లేదు. అరిగిపోయిందని ఊడదీసి, కొత్తది చేయించడానికి పంపి నెల కావొస్తోందట.

జరిగింది చెప్పాను. చెవిలో హోరు కావచ్చు, సుశీల నొప్పి సంగతి మనసులో ఎక్కడో నలుగుతూ ఉండి ఉండొచ్చు అని కూడా నేనే అన్నాను. అయినా సరిగ్గా ఆమె వయసు దగ్గరే ఆగిందన్నాను.

హెర్మన్ పద్ధతి గల మనిషి. పుట్టినరోజు అడిగి వేళ్ల మీద లెక్కేశాడు.

"ముప్పై, డాక్. మేం నిండిన ఏళ్లే కొడతాం. మా నాన్నయినా ముప్పై దగ్గరే ఆపేవాడు."

"మా వైపు నడుస్తున్న ఏడు చెప్పుకుంటాం," అన్నాను. ఎందుకో కోపం వచ్చింది. "అయితే ఒకటి ఎక్కువ మోగిందంటారా?"

ఆపరేషన్ ఎందుకు చేశారో ఊరందరికీ తెలుసు, ఆయనకీ తెలుసు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఏడాది నిండని పసివాళ్లకి ఒక్కసారే కొడతాం," అన్నాడు.

ఇది జరిగి నలభై ఏళ్లు దాటింది. నాలుక లేని గంట నాకొక్కడికే ఎలా వినిపించిందో, బతికిన మనిషికి ముప్పై ఎందుకు మోగాయో నాకు తెలీదు. తెలిసినట్టు నటించను కూడా. వాళ్లమ్మ చేయించిన అర్చనే కాపాడిందని సుశీల అంటుంది. నేను కాదనను. ఆమెకి ముప్పై ఒక్కసార్లు మోగిందని చెప్పాను. ఆ ఆఖరి ఒక్కటి ఎవరిదో మాత్రం ఇప్పటికీ చెప్పలేదు.