నాలుగు, ఆరు

మా ఊరి చితాలిష్తేలో, అంటే చదువుల ఇంట్లో, కింద గ్రంథాలయం, పైన నాటకాల హాలు. అక్కడ ముప్పై ఎనిమిదేళ్లుగా పుస్తకాలిస్తున్న దోన్కా, జీవితంలో ఒక్క అక్షరం తప్పు రాసిన మనిషి కాదు. రొట్టెల కొట్టు బోర్డులో తప్పు కనిపిస్తే, అది దిద్దించాకే రొట్టె కొనేది. ఆమె వస్తోందంటే కొట్టువాడు నిచ్చెన వెతుక్కునేవాడు.

ఆ వసంతంలో ఆమెకు పెద్ద చిక్కు వచ్చిపడింది. మే ఇరవై నాలుగున, అంటే మా సొంత లిపికి జరిపే అక్షరాల పండుగ నాటికి, పద్దెనిమిదేళ్లలోపు వాళ్లు ముప్పై మంది కొత్తగా చేరకపోతే పిల్లల గదిని వేటగాళ్ల సంఘానికి ఇచ్చేస్తామని మునిసిపాలిటీ నుంచి కాగితం వచ్చింది. పిల్లలంతా ఫోన్లలోనే ఉన్నారు, అక్కడికే వెళ్లి పిలవండని ఒక ఉచిత సలహా కూడా పారేశారు. తను చదవడం నేర్చుకున్న గది అది. దోన్కా కళ్లజోడు సవరించుకుని ఇన్‌స్టాగ్రామ్‌లో చేరింది.

రోజుకో పుస్తకం ఫొటో పెట్టేది. కింద కామాలతో సహా తూచినట్టు నాలుగు వాక్యాలు. రెండు నెలలకు చేరినవాళ్లు ఇద్దరు. ఫొటోల కింద మాత్రం ఏదో చెత్త వచ్చిపడేది, ఇంగ్లీషు అక్షరాలూ మధ్యమధ్య అంకెలూ కలిపి. ఏ దేశపు దొంగలో పంపుతున్నారనుకుని, రోజూ పొద్దున్నే కాఫీ తాగుతూ అన్నీ చెరిపేసేది.

మే మొదటి వారంలో వేటగాళ్ల సంఘం పెద్ద మెతోది టేపు పట్టుకుని దిగాడు. దోన్కాతో కలిసి ఒకే బెంచీ మీద చదువుకున్నవాడే. వెంట పదమూడేళ్ల మనవరాలు రాలిత్సా.

"ఈ గోడకి నా అడవిపంది తలకాయ సరిగ్గా సరిపోద్దే దోన్కా."

"నీ తలకాయ కూడా పక్కనే పెట్టించుకో. రెంటికీ తేడా ఎవరూ కనిపెట్టలేర్లే."

రాలిత్సా నవ్వలేదు. "మామ్మా, మేమంటే నీకెందుకంత కోపం? మూడుసార్లు రాశాను. మూడుసార్లూ తీసేశావు."

"నువ్వెప్పుడు రాశావే?"

ఆ పిల్ల తన ఫోను చూపించింది. 4itali6te అని ఉంది.

"ఇదా? ఇది దొంగల రాత కదే."

"దొంగలేంటి మామ్మా. మన భాషలో నాలుగుని ఏమంటాం?"

"చెతిరి."

"ఆరుని?"

"షెస్ట్."

"అంటే నాలుగు చ, ఆరు ష. ఇప్పుడు చదువు."

దోన్కా పెదాలు కదిలాయి. చి... తా... లి... ష్తే. ముప్పై ఎనిమిదేళ్లుగా తను పనిచేస్తున్న చోటి పేరు తనే కూడబలుక్కుని చదువుకుంది.

"ఎన్నింటికి తెరుస్తారని అడిగాను. మా క్లాసులో అందరం ఇట్టాగే రాస్తాం. అందరివీ తీసేసేసరికి మేం రావడం నీకిష్టం లేదనుకున్నాం."

దోన్కా కుర్చీలో కూలబడింది. రెండు నెలల పాటు తలుపు తట్టిన ప్రతి పిల్లనూ తన చేత్తోనే గెంటేసింది.

మెతోది మాత్రం పగలబడి నవ్వాడు. "మనమేమన్నా తక్కువ తిన్నామా? కోడిపిల్లల భాష మర్చిపోయావా?"

ఎలా మర్చిపోతుంది? పదేళ్ల వయసులో ప్రతి అక్షరం ముందూ 'పి' చేర్చి మాట్లాడుకునేవాళ్లు. పెద్దవాళ్లకు అర్థం కాదని వాళ్ల ధీమా. తేనెటీగల పెంపకం మీద ఎవరూ ముట్టని పుస్తకమొకటి ఇక్కడే ఉండేది. దాని అంచుల్లో పెన్సిల్‌తో ఉత్తరాలు రాసుకునేవాళ్లు. ఒకనాడు తెరిస్తే, వాళ్ల రాత కింద పెద్దవాళ్ల దస్తూరీలో ఒక వాక్యం కనబడింది: "పిరే పిపు పిరా." అది స్పిరిడోన్ మాస్టారి చేతిరాత. అప్పట్లో ఆయనే పుస్తకాలిచ్చేవారు. తిట్టలేదు, ఇంట్లో చెప్పలేదు. భయపడుతూనే మర్నాడు వెళ్తే బల్ల మీద ఇద్దరికీ రెండు పుస్తకాలు పెట్టి ఉంచారు. ఆనాడు పుస్తకాల్లో పడ్డ దోన్కా ఇప్పటికీ బయటికి రాలేదు. మాస్టారు ఒక్క చూపులో చదివేసింది తను రెండు నెలలైనా చదవలేకపోయింది.

"ఏదీ, ఆ ఫోనిట్లా ఇవ్వు," అంది. "రేపు రండి, మూడింటికి. మీకోసం చూస్తుంటాను... ఇది మీ రాతలో ఎట్లా రాస్తారో చెప్పు."

రాలిత్సా చెబుతుంటే ఒక్కో అక్షరమే నొక్కింది. 'చూస్తుంటాను' అనే చోట నాలుగు అంకె వేయాల్సి వచ్చినప్పుడు వేలు ఒక్క క్షణం ఆగింది. అయినా వేసింది. మెతోది టేపు చుట్టేసుకున్నాడు. "పంది మా ఇంట్లోనే ఉంటుందిలే. మా ఆవిడే ఏడుస్తుంది," అన్నాడు.

మర్నాడు మూడింటికి తొమ్మిది మంది వచ్చారు. పండుగ నాటికి చేరినవాళ్లు ముప్పై నలుగురు.

పండుగనాడు అందరూ వెళ్లాక దోన్కా అట్టడుగు అరలోంచి ఆ తేనెటీగల పుస్తకం తీసింది. మాస్టారి రాత మాసిపోయింది గానీ కనబడుతూనే ఉంది. పుస్తకంలో గీతలు గీసిన పిల్లలను ముప్పై ఎనిమిదేళ్లు తిట్టిన మనిషి, పెన్సిల్ చెక్కుకుని దాని కింద జవాబు రాసింది.

"పివ పిచ్చా పిరు."