అంచు లేని స్తంభం

నిన్న సూరత్‌ బమ్రోలిలో మా పక్క సందులో గృహప్రవేశానికి పిలిస్తే వెళ్ళి, దేవుడి మందిరం ముందు దండం పెట్టుకోవడం మరిచి, దాని చెక్క స్తంభాన్ని వేళ్ళతో తడుముతూ నిలబడిపోయాను. ఆ ఇంటావిడ ఏమనుకుందో గానీ, నా మనసు కరోనా వచ్చిన ఏడాదికి వెళ్ళిపోయింది.

ఆ ఏడాది సూరత్‌లో మగ్గాలు ఆగిపోయిన సంగతి మన వయసువాళ్ళెవరూ మరిచిపోరు. పవర్‌లూమ్ చప్పుడులోనే తల నెరిసిన మా ఆయనకు ఇంట్లో నిశ్శబ్దం పడక, ఊరికి పోదామని పొద్దున లేచిన దగ్గర్నుంచీ ఒకటే పోరు. మా వరుసలో తెలుగు ఇళ్ళకు ఒక్కొక్కటిగా తాళాలు పడుతున్నాయి. సాయంత్రాలు నాతో కబుర్లాడిన ఆడవాళ్ళంతా తిరిగి వస్తారని, వాళ్ళు వచ్చేసరికి నేనిక్కడే ఉండాలని నాదొక మొండి ఆశ.

ఆంక్షలు సడలాక, కొయ్యపని కార్ఖానా నడిపే మా మరిది వచ్చాడు. ఒక మందిరానికి తీగలు చుట్టుకున్నట్టు నాలుగు టేకు స్తంభాలు చెక్కాలట, కంప్యూటర్ మీద బొమ్మ గీసే మనిషేమో తన రాష్ట్రానికి వెళ్ళిపోయాడట. చీరల ఎంబ్రాయిడరీ దుకాణంలో కొన్నేళ్ళు డిజైన్లు గీసినదాన్ని కనుక నన్ను రమ్మన్నాడు. కుదిరితే మా ఇద్దరికీ తన దగ్గరే పని ఇస్తానన్నాడు. కుదరకపోతే మాత్రం రైలెక్కాల్సిందేనని మా ఆయన షరతు పెట్టారు.

అక్కడి కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌లో గుండ్రటి స్తంభం చాప పరిచినట్టు తెర మీద బల్లపరుపుగా కనిపిస్తుంది, దాని మీద మనం గీసే గీతలను వెక్టర్లంటారు, ఆ గీతల ప్రకారం యంత్రం దుంగను తిప్పుతూ చుట్టూ చెక్కుతుంది. తెర చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది, ఇది చీరే కదా అనుకున్నాను. గ్రాఫు కాగితాల మీద చీరల డిజైన్లు గీసే మా నాన్న చిన్నప్పుడే నేర్పిన అలవాటు కొద్దీ, అంచుల కోసం రెండు పక్కలా వేలెడంత ఖాళీ వదిలి, మధ్యలో తీగలు, ఆకులు, మొగ్గలు ముచ్చటగా నింపాను.

మొదటి స్తంభాన్ని దించి తిప్పి చూసిన మరిది, "గీ సాఫ్ పట్టీ ఏంది వదినా, పైకెల్లి కిందిదాక?" అన్నాడు. నేను వదిలిన రెండు ఖాళీలూ ఒకచోట కలిసి బోసిగా కనబడుతున్నాయి. గుండ్రటిదానికి అంచెక్కడిది, నా బుద్ధి మండ! బంగారంలాంటి దుంగ పాడుచేశానని ఏడుపొచ్చింది. మా ఆయన "ఇగ చాలు తియ్యి, సామాను గట్టు" అన్నారు.

మరిది మాత్రం ఇంకో దుంగ బిగించాడు. ఈసారి కుడి పక్క బయటికి పోయిన ప్రతి తీగనూ సరిగ్గా అదే ఎత్తులో ఎడమ పక్క నుంచి లోపలికి తెచ్చాను. రోజంతా పట్టింది. స్తంభం దించాక మా ఆయన మాస్కు కిందికి లాక్కుని, దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, "యాడ షురువైందో, యాడ ఖతమైందో తెలుస్తలేదు గదనే" అన్నారు. ఆ తర్వాత ఊరి మాట ఎత్తలేదు.

ఇప్పుడు మరిది తయారుగా దొరికే డిజైన్లే కొనుక్కుంటున్నాడు, నాకూ చూపు తగ్గి ఆ పని మానేశాను. దానికంత బాధ లేదు. కానీ ఊరికి వెళ్ళిన ఆ ఆడవాళ్ళలో ఒక్కరూ తిరిగి రాలేదు. ఫోను చేస్తే, "నువ్వే రారాదు అక్కా, ఈడ మస్తు జాగ ఉన్నది" అంటారు. మానేసిన సంగతి దాచి, నాకిక్కడ పనుందని చెబుతాను.